విలియం వాలెస్ కార్గిల్
(ఈ వ్యాసం అమెరికా దేశపు ధాన్య వర్తకుని గురించి. లడఖ్‌లోని పట్టణం కొరకు కార్గిల్ అనే వ్యాసం చూడండి. ఈ రెండు పేర్లకు ఎటువంటి సంబంధమూ లేదు.)

విలియం వాలెస్ కార్గిల్ (డిసెంబరు 15, 1844 - అక్టోబరు 17, 1909) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ధాన్య వర్తకుడు, కార్గిల్ సంస్థ స్థాపకుడు. 1865లో అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న రైలు స్టేషను పక్కన ఒక గిడ్డంగితో ఆయన ప్రారంభించిన వ్యాపారం, తరువాతి కాలంలో ప్రపంచంలోనే అతిపెద్ద వ్యవసాయోత్పత్తుల, ఆహార పదార్థాల సంస్థలలో ఒకటిగా ఎదిగింది. ఇంత పెద్ద సంస్థ అయినప్పటికీ దీని వాటాలు స్టాక్ ఎక్స్ఛేంజిలో దొరకవు. అత్యధిక భాగం స్థాపకుని వంశీకుల చేతులలోనే ఉన్నది. అయితే విలియం కార్గిల్ మరణించే నాటికి ఈ సంస్థ దివాలా అంచున ఉన్నది. తండ్రి కట్టిన కోటను పెద్దకుమారుడు ప్రమాదంలో పడవేయగా, అల్లుడు నిలబెట్టిన కథ ఇది.

బాల్యము, కుటుంబ నేపథ్యము

విలియం కార్గిల్ న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్ ద్వీపంలో, పోర్ట్ జెఫర్సన్ అనే రేవు ఊరిలో జన్మించాడు. తండ్రి విలియం డిక్ కార్గిల్ స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులకు చెందినవాడు, ఓడ కెప్టెన్. తల్లి పేరు ఎడ్నా డేవిస్. తండ్రి సముద్ర జీవితానికి స్వస్తి చెప్పి, 1856లో కుటుంబాన్ని తీసుకొని విస్కాన్సిన్ రాష్ట్రంలోని జేన్స్‌విల్ ప్రాంతానికి వలస వెళ్ళి వ్యవసాయం మొదలుపెట్టాడు. అప్పటికి విలియం వయసు పన్నెండేళ్ళకు లోపు.

ఆ రోజులలో విస్కాన్సిన్ గోధుమ పంటకు పెట్టింది పేరు. 1861లో అమెరికా అంతర్యుద్ధం ప్రారంభమైన తరువాత గోధుమల ధర బాగా పెరిగింది. రైతులు మిసిసిపి నదిని దాటి పడమరకు, అనగా అయోవా, మిన్నెసోటా రాష్ట్రాలలోని కొత్త నేలలకు తరలిపోసాగారు. వారి వెనుకనే రైలు పట్టాలు కూడా వెళ్ళాయి. యువకుడైన విలియం కార్గిల్ ఈ రెండింటినీ గమనించాడు. నాగలి పట్టడం కంటే నాగలి వెనుక వెళ్ళడంలో లాభం ఎక్కువని ఆయన గ్రహించినట్లు ఆయన తరువాతి జీవితమే చెబుతుంది.

కానోవర్ గిడ్డంగి

1865లో అంతర్యుద్ధం ముగిసింది. ఆ సంవత్సరమే, ఇరవై ఏళ్ళ వయసులో, విలియం కార్గిల్ అయోవా రాష్ట్రపు ఈశాన్య మూలన ఉన్న కానోవర్ అనే ఊరిలో ఒక ధాన్యపు గిడ్డంగిని సంపాదించాడు. మెక్‌గ్రెగర్ నుండి పడమరగా వేస్తున్న రైలు మార్గం అప్పటికి కానోవర్ దగ్గర ఆగి ఉన్నది. పట్టాలు ఆగిన చోటుకే చుట్టుపక్కల రైతులందరూ బండ్లు తోలుకొని రావాలి. ఆ ఊరును ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఇటువంటి గిడ్డంగులను అక్కడ ఫ్లాట్ హౌస్ అనేవారు. ఇది చెక్కతో కట్టిన, ఒకే అంతస్తు గల సాదా కట్టడం. రైతు తెచ్చిన గోధుమ బస్తాలను కాటా వేసి, లోపల కుప్ప పోసేవారు. రైలు పెట్టె వచ్చినప్పుడు కూలీలు పారలతోనూ బస్తాలతోనూ మళ్ళీ ఎత్తి నింపేవారు. అక్కడ నుండి గింజలు మిసిసిపి ఒడ్డున ఉన్న మెక్‌గ్రెగర్‌కు, నది దాటి ప్రెయిరీ డు షీన్‌కు, అక్కడి నుండి మళ్ళీ రైలులో మిల్వాకీ నగరానికి చేరేవి. 1860వ దశకంలో గోధుమ ఎగుమతిలో మిల్వాకీ అగ్రస్థానం కోసం చికాగోతో పోటీ పడుతూ ఉండేది.

ఈ వ్యాపారంలో గిడ్డంగి కంటే ముఖ్యమైనది రొక్కం. పంట కోత తరువాత కొద్ది వారాలలో రైతులందరూ ఒకేసారి వస్తారు, అందరికీ డబ్బు ఇవ్వాలి. సరుకు పెద్ద నగరంలో అమ్ముడై సొమ్ము తిరిగి వచ్చేసరికి చాలా రోజులు పడుతుంది. ఈ మధ్య కాలంలో అప్పు ఇచ్చేవారు లేకపోతే వర్తకుడు నిలవలేడు. అందువలన ధాన్య వర్తకుని నిజమైన ఆస్తి బ్యాంకుల దగ్గర అతనికి గల పరపతి. విలియం కార్గిల్ జీవితాంతం అప్పు మీదనే వ్యాపారం చేశాడు. ఆయన ఎదుగుదలకూ, చివరి దినాలలో వచ్చిన ఆపదకూ కూడా మూలం అదే.

సోదరుల భాగస్వామ్యము

మరుసటి సంవత్సరం తమ్ముడు శామ్యూల్ (శామ్) వచ్చి చేరడంతో సంస్థ పేరు డబ్ల్యు.డబ్ల్యు. కార్గిల్ అండ్ బ్రదర్ అయింది. అన్నదమ్ములు రైలు మార్గం ముందుకు సాగిన కొద్దీ దానితోపాటే సాగారు. వచ్చిన ప్రతి కొత్త స్టేషనులోనూ ఒక గిడ్డంగి, వీలైన చోట ఒక కలప అడితి పెట్టారు. చెట్లు లేని మైదానాలలో ఇల్లు కట్టుకోవాలంటే రైతుకు కలప కావాలి, చలికాలానికి బొగ్గు కావాలి. గోధుమలతో వెళ్ళిన రైలు పెట్టె తిరుగు ప్రయాణంలో ఖాళీగా రాకుండా ఈ సరుకులు తెచ్చేది. రైతు దగ్గర కొనేదీ వారే, రైతుకు అమ్మేదీ వారే.

1868లో విలియం కార్గిల్ ఎలెన్ స్టోవెల్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. వీరిలో పెద్దకుమారుడు విలియం శామ్యూల్, కుమార్తె ఎడ్నా, 1888లో జన్మించిన చిన్నకుమారుడు ఆస్టెన్ సంస్థ చరిత్రలో ముఖ్యులు.

1870 ప్రాంతంలో కార్గిల్ తన కేంద్రాన్ని మిన్నెసోటా రాష్ట్రంలోని ఆల్బర్ట్ లీకి మార్చాడు. 1873లో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చింది. జే కుక్ అనే ప్రసిద్ధ బ్యాంకరు దివాలా తీయడంతో రైలు మార్గాల నిర్మాణం ఎక్కడికక్కడ ఆగిపోయింది. దీనికి తోడు 1873 నుండి 1877 వరకు మిన్నెసోటా పంటలపై మిడతల దండు పడింది. ఎందరో వర్తకులు మూతపడిన ఆ సంవత్సరాలలో కార్గిల్ సోదరులు నిలబడ్డారు. కష్టకాలంలో ఇతరుల గిడ్డంగులు చౌకగా దొరుకుతాయి. చేతిలో పరపతి ఉన్నవాడు వాటిని కొనగలడు. ఈ పద్ధతిని కార్గిల్ సంస్థ తరువాతి తరాలలో కూడా పాటించింది.

1875లో విలియం కార్గిల్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని లా క్రాస్ పట్టణానికి నివాసం మార్చాడు. మిసిసిపి నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం రైలు మార్గాల కూడలి కూడా. మరొక సోదరుడు జేమ్స్ కూడా అప్పుడు వ్యాపారంలో చేరాడు. మరణించే వరకు విలియం కార్గిల్ లా క్రాస్‌లోనే ఉన్నాడు.

ఎలివేటర్లు, గోధుమల విస్తరణ

ఎలివేటర్ అనగానే మనకు మేడలు ఎక్కే లిఫ్టు గుర్తుకు వస్తుంది. ధాన్య వ్యాపారంలో దీని అర్థం వేరు. ఇది ఎత్తయిన గాదెల సముదాయం. గొలుసుకు గానీ పట్టాకు గానీ బిగించిన చిన్న చిన్న బొక్కెనలు కిందనున్న గింజలను పైకి చేరవేస్తాయి. పై నుండి ఏ గాదెలోకి కావాలంటే ఆ గాదెలోకి గొట్టం తిప్పి వదులుతారు. రైలు పెట్టెను నింపాలంటే కింద తలుపు తెరిస్తే చాలు, గింజలు వాటంతట అవే జారుతాయి. పారలు పట్టే కూలీలు పదుల సంఖ్యలో అవసరం లేదు. ఈ పద్ధతిలో బస్తా మాయమైంది. ఒక రైతు గింజ మరొక రైతు గింజతో కలిసిపోయింది. కనుక గోధుమలను రకాలుగా (గ్రేడులుగా) విభజించడం తప్పనిసరి అయింది.

1870వ దశకంలో మరొక మార్పు వచ్చింది. మిన్నెసోటా, డకోటా చలిప్రాంతాలలో వసంతంలో విత్తే గోధుమ గట్టిది. పాతకాలపు తిరగలి రాళ్ళ మధ్య దాని పొట్టు చితికి పిండి రంగు మారేది. అందుచేత దానికి ధర తక్కువ. 1871 ప్రాంతంలో మినియాపోలిస్ మిల్లులలో రవ్వను గాలితో శుద్ధి చేసే యంత్రం వచ్చాక అదే గోధుమ నుండి తెల్లని, మేలైన పిండి లభించింది. వెలితిగా చూడబడిన గోధుమకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. ఉత్తరాన రెడ్ నది లోయలో వేల ఎకరాల భారీ క్షేత్రాలు వెలిశాయి. కార్గిల్ సోదరులు అటువైపు విస్తరించారు. 1885 నాటికి మిన్నెసోటాలోనూ డకోటాలోనూ కలిపి వందకు పైగా ధాన్యపు కట్టడాలు వారి అధీనంలో ఉండేవి. వాటి మొత్తం సామర్థ్యం సుమారు 16 లక్షల బుషెళ్ళు. ఒక బుషెల్ గోధుమ సుమారు 27 కిలోగ్రాములు గనుక ఇది 43 వేల టన్నులకు పైమాట.

మినియాపోలిస్ ధాన్య విపణికి కేంద్రంగా మారుతున్నందున శామ్ కార్గిల్ 1887లో అక్కడికి వెళ్ళి కార్యాలయాన్ని చూసుకోసాగాడు. 1890లో ఆ విభాగం కార్గిల్ ఎలివేటర్ కంపెనీగా నమోదయింది. లా క్రాస్ వ్యాపారం కొంతకాలం తరువాత డబ్ల్యు.డబ్ల్యు. కార్గిల్ కంపెనీ అయింది. 1903లో శామ్ మరణించాడు.

రైతులతో సంబంధాలు

విలియం కార్గిల్ వ్యాపార జీవితం గురించి వ్రాసేటప్పుడు రైతుల పక్షాన్ని విస్మరించడం సరికాదు. ఒక చిన్న స్టేషనులో ఒకటో రెండో ఎలివేటర్లు మాత్రమే ఉండేవి. వాటికి స్థలం ఇచ్చేది రైలు కంపెనీ. పది పదిహేను మైళ్ళు బండి తోలుకొని వచ్చిన రైతు, ధర నచ్చలేదని వెనక్కి పోలేడు. కాటా వర్తకునిది, గ్రేడు నిర్ణయించేదీ వర్తకుడే. మట్టి, తాలు, కలుపు గింజలు, తేమ పేరు చెప్పి తూకంలో కోసేది కూడా అతడే. ధాన్యం అమ్ముకొనే మన రైతుకు తరుగు అనే మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. డకోటా రైతుకు కూడా ఆ బాధ బాగా తెలుసు. వర్తకులందరూ కుమ్మక్కై ధర తగ్గిస్తున్నారని వారి ప్రధాన ఆరోపణ.

వర్తకుల వాదన కూడా ఒకటి ఉన్నది. కొన్న మరునాడు ధర పడిపోవచ్చు, రైలు పెట్టె దొరకకపోవచ్చు, చెక్క ఎలివేటరుకు నిప్పు అంటుకోవచ్చు, అప్పుపై వడ్డీ మాత్రం ఆగదు. ఈ వాదనలో నిజం లేకపోలేదు. కానీ కాటా ఒక్కరి చేతిలోనే ఉన్నంత కాలం ఎదుటివారు ఆ నిజాన్ని నమ్మరు.

1867లో ప్రారంభమైన గ్రేంజ్ అనే రైతు సంఘం 1870వ దశకపు తొలి సంవత్సరాలలో ఇల్లినాయ్, మిన్నెసోటా, అయోవా, విస్కాన్సిన్ రాష్ట్రాలలో రైలు ఛార్జీలపై, కొన్నిచోట్ల గిడ్డంగి ఛార్జీలపై కూడా నియంత్రణ చట్టాలు చేయించగలిగింది. 1877లో మన్ వర్సెస్ ఇల్లినాయ్ అనే కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ప్రజోపయోగంతో ముడిపడిన ధాన్యపు ఎలివేటర్ల ఛార్జీలను ప్రభుత్వం నిర్ణయించవచ్చునని తీర్పు చెప్పింది. 1885లో మిన్నెసోటా రాష్ట్రం గోధుమల తూకాన్నీ గ్రేడునూ ప్రభుత్వ తనిఖీ కిందకు తెచ్చింది. ఇవి కార్గిల్ ఒక్కరిని ఉద్దేశించి చేసినవి కావు. కానీ ఆయన వ్యాపారం నడిచిన రాష్ట్రాలు ఇవే. ఆ ప్రాంతపు రైతుల అసంతృప్తి ఆయన తదనంతరం కూడా చల్లారలేదు. దాని ఫలితంగానే 1922లో ఉత్తర డకోటా ప్రభుత్వం గ్రాండ్ ఫోర్క్స్‌లో సొంత పిండిమిల్లును, ఎలివేటరును ప్రారంభించింది.

మెక్‌మిలన్ కుటుంబంతో వియ్యము

లా క్రాస్‌లో కార్గిల్ కుటుంబానికి మెక్‌మిలన్ అనే మరొక స్కాటిష్ మూలాల కుటుంబంతో స్నేహం ఉండేది. వారి కుమారుడు జాన్ హెచ్. మెక్‌మిలన్ (1869 - 1944) 1895లో ఎడ్నా కార్గిల్‌ను వివాహమాడాడు. జాన్, అతని సోదరులు టెక్సాస్‌లో సొంతంగా ధాన్య వ్యాపారం చేసి తీవ్రంగా నష్టపోయారు. 1898లో జాన్, అతని తమ్ముడు డేనియల్ విలియం కార్గిల్ వద్ద ఉద్యోగంలో చేరారు. ఒకసారి చేయి కాల్చుకున్నవాడు గనుక జాన్ మెక్‌మిలన్ లెక్కల విషయంలో అత్యంత జాగరూకుడుగా ఉండేవాడు. శామ్ మరణానంతరం మామగారు అతనిని మినియాపోలిస్‌లోని ఎలివేటర్ కంపెనీకి మేనేజరుగా నియమించాడు.

ఆ విధంగా సంస్థ రెండు కొమ్మలుగా నడిచింది. మినియాపోలిస్‌లో అల్లుడి ఆధ్వర్యంలో ధాన్యం, లా క్రాస్‌లో మామ ఆధ్వర్యంలో మిగిలినవన్నీ. ఈ మిగిలినవాటి జాబితా పెద్దదే. ఆర్కాన్సా రాష్ట్రంలోని పైన్ బ్లఫ్‌లో అడవులు, రంపపు మిల్లు గల సాయర్ అండ్ ఆస్టిన్ కలప కంపెనీలో కార్గిల్ భారీగా పెట్టుబడి పెట్టాడు. లా క్రాస్ అండ్ సౌత్ ఈస్టర్న్ అనే చిన్న రైలు మార్గానికి కూడా ఆయనే అండ. అడవులూ, రైలు మార్గమూ మంచి ఆస్తులే, కానీ అవసరం వచ్చినపుడు గోధుమల వలె వారం రోజులలో అమ్మి సొమ్ము చేసుకొనే ఆస్తులు కావు.

మోంటానా పథకము, మరణము

ఈ పరిస్థితిలో పెద్దకుమారుడు విలియం శామ్యూల్ కార్గిల్ దృష్టి మోంటానా రాష్ట్రంపై పడింది. మెట్ట నేలలకు కాలువల ద్వారా నీరు పారించి, ఆ భూములను వలస వచ్చే రైతులకు అమ్మాలనేది ఆలోచన. 1894 నాటి కేరీ చట్టం ఇటువంటి పథకాలకు వీలు కల్పించింది. వాలియర్ ప్రాంతంలో జలాశయం, కాలువలు, పట్టణం, రైలు మార్గం అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. నీటిపారుదల పథకంలో ఖర్చు ముందు వస్తుంది, ఆదాయం చాలా ఏళ్ళకు గానీ రాదు. కుమారుడు ఈ పథకంలో దించిన సొమ్ములో అధికభాగం అప్పు తెచ్చినదే. ఆ అప్పులు కార్గిల్ పేరు చూసి ఇచ్చినవి.

1909 శరదృతువులో విలియం కార్గిల్ స్వయంగా మోంటానా వెళ్ళి పనులు చూశాడు. అక్కడి ఖర్చు ఎంత దూరం పోయిందో అప్పుడు అర్థమయింది. ప్రయాణంలో జబ్బుపడి, లా క్రాస్‌కు తిరిగి వచ్చిన కొద్ది దినాలలోనే, అక్టోబరు 17న, న్యుమోనియాతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 64 సంవత్సరాలు.

మరణవార్త తెలియగానే అప్పులు ఇచ్చినవారు ఆందోళన చెందారు. అంతకాలమూ వారు నమ్మినది ఆ వ్యక్తిని. ఆయన వ్యక్తిగత ఆస్తులు, లా క్రాస్ కంపెనీ, ఎలివేటర్ కంపెనీ, మోంటానా పథకం ఒకదాని అప్పులకు మరొకటి పూచీగా పెనవేసుకొని ఉన్నాయి. అందరూ ఒకేసారి బాకీ అడిగితే బాగా నడుస్తున్న ధాన్య వ్యాపారం కూడా వేలానికి వచ్చేది. జాన్ మెక్‌మిలన్ ఋణదాతలతో సంప్రదించి, గడువుతో తీర్చే పత్రాలకు వారిని ఒప్పించాడు. బంగారంతో చెల్లింపు జరిగే హామీ గలవి గనుక వీటిని గోల్డ్ నోట్లు అనేవారు. అడవులు మొదలగు ఆస్తులను మెల్లమెల్లగా అమ్మి, ధాన్యంపై వచ్చే లాభాన్ని జోడించి ఆ బాకీలు తీర్చడానికి ఆరేడు సంవత్సరాలు పట్టింది.

ఇందుకు కుటుంబం చెల్లించిన మూల్యం కూడా తక్కువ కాదు. భార్యకు తోడబుట్టినవాడైన విలియం శామ్యూల్‌ను జాన్ మెక్‌మిలన్ వ్యాపారం నుండి తప్పించాడు. స్థాపకుని పేరు పెట్టుకున్న పెద్దకుమారుడు సంస్థకు దూరమయ్యాడు. తండ్రి మరణించేనాటికి 21 ఏళ్ళవాడైన చిన్నకుమారుడు ఆస్టెన్ మాత్రం బావగారి వద్ద పని నేర్చుకొని సంస్థలోనే కొనసాగాడు. పెద్దకుమారుని వైపు నుండి చూస్తే ఇది అన్యాయంగా తోచవచ్చు. ఆ పథకానికి తండ్రి అంగీకారం లేకుండా అంత పెట్టుబడి వచ్చి ఉండదు. వాలియర్ పట్టణం ఎండిపోలేదు. అక్కడి కాలువల కింద తరువాత కూడా వ్యవసాయం సాగింది.

తదనంతర చరిత్ర

జాన్ మెక్‌మిలన్ 1936 వరకు అధ్యక్షుడుగా ఉన్నాడు. 1930 ప్రాంతంలో సంస్థ కార్గిల్ ఇన్‌కార్పొరేటెడ్‌గా ఏర్పడి, కెనడా, ఐరోపా, దక్షిణ అమెరికాలలో కార్యాలయాలు తెరచింది. ఆయన కుమారులు జాన్ జూనియర్, కార్గిల్ మెక్‌మిలన్, వారి మేనమామ ఆస్టెన్ కార్గిల్ - ఈ మువ్వురి సంతతివారే తరువాతి యజమానులు. 1960లో జాన్ జూనియర్ మరణానంతరం మొదటిసారిగా కుటుంబేతరుడైన ఎర్విన్ కెల్మ్ సారథి అయ్యాడు. 1976 నుండి 1995 వరకు నడిపిన విట్నీ మెక్‌మిలన్ కుటుంబం నుండి వచ్చిన చివరి ముఖ్య కార్యనిర్వాహకుడు. 2023 ఆర్థిక సంవత్సరంలో సంస్థ ఆదాయం 177 బిలియన్ డాలర్లు.

కార్గిల్ సంస్థ 1987లో భారతదేశంలో వ్యాపారం ప్రారంభించింది. గాట్ ఒప్పందపు చర్చల కాలంలో, 1992 డిసెంబరులో, బెంగుళూరులోని దాని విత్తన విభాగపు కార్యాలయంపై కర్ణాటక రైతు సంఘం కార్యకర్తలు దాడి చేశారు. విత్తనంపై హక్కు రైతు చేతిలో నుండి జారిపోతుందనేది వారి భయం. 1998లో సంస్థ తన అంతర్జాతీయ విత్తన వ్యాపారాన్ని మోన్‌శాంటోకు అమ్మివేసింది. 2020వ దశకపు తొలి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఒక వంటనూనెల శుద్ధి కర్మాగారాన్ని కొనుగోలు చేసింది.

విశేషాలు

విలియం కార్గిల్ తొలి గిడ్డంగి ఉన్న కానోవర్ ఊరు ఆయన జీవితకాలంలోనే క్షీణించింది. రైలు మార్గం అక్కడ ఆగి ఉన్నంత కాలమే దానికి కళ. పట్టాలు ముందుకు సాగి డెకోరా, క్రెస్కో పట్టణాలకు చేరిన తరువాత బండ్లు అటు మళ్ళాయి. కొట్లు మూతపడ్డాయి. ఇప్పుడు అక్కడ చెప్పుకోదగిన ఊరంటూ ఏమీ మిగలలేదు.